గుర్తు మారిస్తే మాట తప్పినట్టేనా?

ప్రశ్న: అక్కగారూ, మేం మెల్‌బోర్న్ పడమటి శివారులో, టార్నీట్‌లో ఉంటాం. వచ్చి తొమ్మిదేళ్లయింది. నిరుడు సిటిజన్‌షిప్ వచ్చింది. ఇక్కడ ఇంతవరకూ ఓటు వేయలేదు. మావారు "ఇంటి లోన్ ఉన్నవాళ్లం, డబ్బు లెక్కలు లిబరల్ వాళ్లకే తెలుసు, కళ్లు మూసుకుని వాళ్లకే వెయ్యి" అంటారు. సిడ్నీలో ఉన్న మా తమ్ముడేమో "మనల్ని ఈ దేశంలోకి రానిచ్చింది లేబర్ పార్టీ, ఆ విశ్వాసం ఉండాలి కదా అక్కా" అంటాడు. మొన్న పండక్కి భోజనాల దగ్గర ఇద్దరూ మాటామాటా అనుకున్నారు. గుంటూరు జిల్లాలో మా నాన్నగారు నలభై ఏళ్లుగా ఒకే గుర్తుకు వేస్తున్నారు. గుర్తు మార్చేవాడు మాట మార్చేవాడే అని ఆయన నమ్మకం. నాకు ఏ పార్టీ మీదా అంత మమకారం లేదు. ఒక్కోసారి ఒక్కో పార్టీకి వేస్తే నిలకడ లేనిదాన్ని అవుతానా? దేశాన్నీ, డబ్బునీ ఎవరు సరిగ్గా నడుపుతారో ఎలా తెలుసుకోవాలి?
ఒక సోదరి, మెల్‌బోర్న్

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివాక ముందు మీ నాన్నగారి గురించే ఆలోచించాను. ఆయన మాటను తీసిపారేయకండి. మన ఊళ్లలో నలభై ఏళ్లు ఒకే గుర్తుకు ఓటేసిన మనిషి వెనక ఏదో ఒక కథ ఉంటుంది. పొలానికి నీళ్లొచ్చిన ఏడో, రేషన్ కార్డు చేతికొచ్చిన రోజో, అర్ధరాత్రి పురిటి నొప్పులప్పుడు జీపు పంపిన నాయకుడో. ఆ రుణాన్ని ఆయన ఓటుతో తీర్చుకుంటూ వస్తున్నారు. ఆ నమ్మకం ఒకప్పుడు ఎవరో కష్టపడి సంపాదించుకున్నదే. మీకు ఇక్కడ అలాంటి రుణం ఏ పార్టీతోనూ ఇంకా పడలేదు. మరి ఆయన నిలకడ ఒక్కటీ తెచ్చి, దాని వెనకున్న కథను అక్కడే వదిలేసి, ఇక్కడ ఏ పార్టీకి కట్టబెడతారు?

ఈ దేశంలోనూ ఒకప్పుడు ఇళ్లకు ఇళ్లే ఒక పార్టీగా ఉండేవి. రేవుల్లో, గనుల్లో, రైళ్లలో పనిచేసేవాళ్ల ఇల్లు లేబర్. దుకాణదారు ఇల్లు, డాక్టరు ఇల్లు లిబరల్. గోధుమ రైతు ఇల్లు కంట్రీ పార్టీ, అంటే ఇప్పటి నేషనల్స్. 1967లో ఓటర్ల సర్వేలో అడిగితే నూటికి 72 మంది "మేం ఎప్పుడూ ఒకే పార్టీకి వేశాం" అన్నారు. అదే ప్రశ్న 2022లో అడిగితే అలా చెప్పినవాళ్లు 37 మంది. కాబట్టి మీరు నిలకడ లేనివాళ్లయితే, ఈ దేశపు ఓటర్లలో సగానికి పైగా మీతోపాటే ఉన్నారు. 2025 మే 3న జరిగిన ఎన్నికల్లో లేబర్‌కు మొదటి ప్రాధాన్య ఓట్లు నూటికి 35 కూడా రాలేదు. లిబరల్, నేషనల్ కూటమికి 32 లోపే. మూడో వంతు జనం ఈ రెండింటినీ కాదని మరెవరికో మొదటి అంకె వేశారు. అయినా లేబర్ 150 సీట్లలో 94 గెలిచింది.

అదెలాగంటే, ఇక్కడ మనం గుర్తు మీద ముద్ర కొట్టం. పేర్ల పక్కన 1, 2, 3 అని అంకెలు వేస్తాం. ఎవరికీ సగం ఓట్లు దాటకపోతే చివర ఉన్నవాళ్లను తీసేసి, వాళ్ల ఓట్లను రెండో అంకె ఎవరికుంటే వాళ్లకు కలుపుతారు. అలా తేలేదాకా లెక్కిస్తారు. 1918 నుంచీ ఇదే పద్ధతి. అంటే మీవారు, మీ తమ్ముడు పోట్లాడుకున్నట్టు ఇదో అదో తేల్చుకోవాల్సిన పని మీకు లేదు. మీకు బాగా నచ్చిన స్వతంత్ర అభ్యర్థికి 1 వేసి, రెండు పెద్ద పార్టీల్లో కాస్త నయమనిపించినదాన్ని రెండోదానికంటే ముందు పెట్టొచ్చు. ఓటు వృథా కాదు. మన దగ్గర లేని ఈ సౌకర్యాన్ని మనవాళ్లు చాలామంది ఇన్నేళ్లయినా వాడుకోవడం లేదు. బూత్ బయట ఎవరో చేతిలో పెట్టిన కార్డు చూసి అలాగే దింపేసి వస్తారు. అది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

ఇక మీవారి మాట. లోన్ ఉన్నవాళ్లు జాగ్రత్త పడాలనడంలో ఆయన తప్పేం లేదు. నేనూ అలాగే అనుకున్నదాన్నే. 2004 ఎన్నికల్లో అప్పటి లిబరల్ ప్రధాని జాన్ హోవార్డ్ ప్రచారమంతా వడ్డీల చుట్టూ తిరిగింది. లేబర్ హయాంలో, 1990 ప్రాంతంలో, ఇంటి లోన్ వడ్డీ 17 శాతానికి చేరింది. ఆ భయాన్ని గుర్తుచేసి, తమ చేతిలో ఉంటే వడ్డీలు తక్కువగా ఉంటాయని చెప్పారు. మరుసటి ఏడాది మేం ఇల్లు కొన్నాం. ఆ తర్వాత రిజర్వ్ బ్యాంక్ ఆరుసార్లు వడ్డీ పెంచింది. ఆరోది 2007 నవంబరులో, ఎన్నికల ప్రచారం మధ్యలో. నవంబరు 24, శనివారం. పిల్లల బొమ్మలు అంటించిన స్కూలు హాలు, అట్టతో చేసిన చిన్న గూడు, దారంతో కట్టిన పెన్సిలు. నా మొదటి ఓటు. బ్యాంకు నుంచి వచ్చిన ఉత్తరం హ్యాండ్‌బ్యాగులోనే ఉంది. ఆ కోపంతోనే అంకెలు వేశాను. హోవార్డ్ అధికారంతో పాటు బెన్నెలాంగ్‌లో సొంత సీటూ పోగొట్టుకున్నారు. లేబర్ వచ్చింది. నాలుగు నెలలు తిరక్కుండా వడ్డీ ఇంకా పెరిగి రిజర్వ్ బ్యాంక్ రేటు 7.25కు పోయింది. 2009 ఏప్రిల్ నాటికి 3కు దిగింది. ఎక్కడమూ కొత్త ప్రధాని ఘనకార్యం కాదు, దిగడమూ కాదు. గనుల జోరుకు ధరలు పెరిగితే రిజర్వ్ బ్యాంక్ పెంచింది, అమెరికాలో బ్యాంకులు కూలితే దించింది. నేను కోపంతో వేసిన ఓటుకూ నా వాయిదాకూ పొంతనే లేదని తెలుసుకోవడానికి నాకు ఏడాదిన్నర పట్టింది.

ఈమధ్య జరిగింది మీకూ గుర్తుండే ఉంటుంది. 2022 మే నుంచి 2023 నవంబరు దాకా రేటు 0.1 నుంచి 4.35కు పదమూడుసార్లు పెరిగింది. మొదటి పెంపు లిబరల్ ప్రధాని స్కాట్ మోరిసన్ ఉండగా, మిగతా పన్నెండూ లేబర్ ప్రధాని ఆంథనీ ఆల్బనీజీ వచ్చాక. ఇందులో ప్రభుత్వానికి పాత్రే లేదని నేననను. ప్రభుత్వం విరగబడి ఖర్చు పెడితే ధరలు మండుతాయి, ధరలు మండితే రిజర్వ్ బ్యాంక్ ఊరుకోదు. కానీ వడ్డీ తగ్గిస్తామని ఏ పార్టీవాళ్లు తలుపు తట్టినా, తమ చేతిలో లేనిదాన్ని ఇస్తామంటున్నారని మీవారికి చెప్పండి.

డబ్బు లెక్కలు ఒక పార్టీకే తెలుసన్న పేరు ఎలా వచ్చిందో కూడా చూడండి. పీటర్ కాస్టెల్లో 1996 నుంచి 2007 దాకా లిబరల్ ట్రెజరర్, అంటే ఆర్థిక మంత్రి. పన్నెండు బడ్జెట్లలో పది మిగులు బడ్జెట్లు, 2006కల్లా ప్రభుత్వ నికర అప్పు తీరిపోయింది. అది చిన్న విషయం కాదు. అయితే ఆ ఏళ్లలో చైనా ఇనుప ఖనిజాన్ని ఎంత తవ్వితే అంత కొన్నది, ప్రభుత్వం తన టెలిఫోన్ కంపెనీ టెల్‌స్ట్రాను అమ్మింది. వానలు కురిసిన ఏడు ప్రతి రైతూ మంచి రైతే. లేబర్ ట్రెజరర్ జిమ్ చామర్స్ 2022-23లో, ఆ మరుసటి ఏడాది కూడా మిగులు చూపించారు, పదిహేనేళ్లలో అవే మొదటివి. అప్పుడూ ఖనిజాల ధరలు కలిసొచ్చాయి. తర్వాత మళ్లీ లోటులోకి వెళ్లారు. అందుకే నేను మిగులు చూసి మార్కులు వేయను. వానలు లేని ఏడు ఏం చేశారో చూస్తాను.

2008లో ప్రపంచమంతా కుదేలైనప్పుడు ప్రధాని కెవిన్ రడ్, ట్రెజరర్ వేన్ స్వాన్‌ల లేబర్ ప్రభుత్వం బ్యాంకు డిపాజిట్లకు హామీ ఇచ్చింది, జనం ఖాతాల్లో డబ్బు వేసింది. నాకూ 900 డాలర్లు వచ్చాయి, పాత ఫ్రిజ్ మార్చాం. ఆ ఫ్రిజ్ అమ్మిన దుకాణంలో కుర్రాడి ఉద్యోగం నిలిచింది. దేశం మాంద్యంలో పడలేదు. అప్పుడు అది దుబారా అని లిబరల్స్ తప్పుపట్టారు. పన్నెండేళ్ల తర్వాత కరోనా వచ్చినప్పుడు, మిగులు బడ్జెట్ వస్తోందని అంతకుముందే చాటుకున్న ఆ లిబరల్ ప్రభుత్వమే, ఉద్యోగం ఊడకుండా మనిషికి పదిహేను రోజులకు 1500 డాలర్ల చొప్పున జాబ్‌కీపర్ ఇచ్చింది. దానికి దాదాపు 89 బిలియన్ డాలర్లు అయ్యాయి. నష్టం రాని కంపెనీలు కూడా కొన్ని ఆ డబ్బు తీసుకున్నాయి, అది తప్పు. అయినా ఆపదలో తమ సిద్ధాంతాన్ని పక్కన పెట్టి పని చేయడాన్ని నేను గౌరవిస్తాను. రెండు పార్టీలూ ఒకే రకం ఆపదలో ఒకే రకం పని చేశాయి. మరి దుబారా పార్టీ ఏది, పొదుపు పార్టీ ఏది?

మీ ఇంట్లోనే రెండు కాగితాలున్నాయి. రాత్రి పిల్లలు పడుకున్నాక డైనింగ్ టేబుల్ మీద పక్కపక్కన పెట్టండి. ఒకటి మీ పే స్లిప్. జీతం కింద సూపర్ అని ఒక వరస ఉంటుంది. మీరు అడగకపోయినా యజమాని మీ ముసలితనం కోసం వేయాల్సిన డబ్బు అది. 1992లో పాల్ కీటింగ్ ప్రధానిగా ఉండగా 3 శాతంతో తప్పనిసరి చేశారు, 2025 జులై నుంచి 12 శాతం. అది లేబర్ చేసిన పని. రెండోది ఇండియన్ దుకాణం బిల్లు. బియ్యం, కందిపప్పు, పాలు, కూరగాయల మీద జీఎస్టీ ఉండదు. చిప్స్ ప్యాకెట్ మీద పది శాతం ఉంటుంది. 2000 జులై 1న హోవార్డ్ తెచ్చిన పన్ను అది. ఆయన అన్ని తిండి సరుకుల మీదా వేయాలనుకున్నారు. సెనేట్‌లో, అంటే పార్లమెంటు పైసభలో, డెమోక్రాట్లు అనే చిన్న పార్టీ పట్టుబట్టి కూరగాయలూ పప్పులూ తప్పించింది. చూశారా, మీ ఇంటి ఖర్చులో మూడు పార్టీల చేతులున్నాయి. అందులో ఒక పార్టీకి ఇప్పుడు సెనేట్‌లో ఒక్క సీటు కూడా లేదు. మీ బియ్యం బస్తా మీద మాత్రం దాని గుర్తు ఇంకా ఉంది.

మీరు నాయకత్వం గురించీ అడిగారు. నేను ఒకటే చూస్తాను. ఈ మనిషి తనకు ఓటేసినవాళ్ల మొహం మీద కాదని చెప్పగలడా? 1983లో బాబ్ హాక్ లేబర్ ప్రధాని, కీటింగ్ ట్రెజరర్. ఆ డిసెంబరులో డాలర్ విలువను మార్కెట్‌కు వదిలేశారు, తర్వాత దిగుమతి సుంకాలు తగ్గించుకుంటూ పోయారు. జీతాల పెంపు విషయంలో కార్మిక సంఘాలనే తగ్గమని ఒప్పించారు. అవన్నీ వాళ్ల సొంత ఓటర్లకు మింగుడుపడని పనులు. ఫ్యాక్టరీలు మూతబడి వీధిన పడ్డవాళ్లూ ఉన్నారు, వాళ్ల బాధను నేను తక్కువ చేయను. అయినా ఆ తర్వాత దేశం నిలదొక్కుకోవడానికి పునాది అక్కడే పడింది.

ఇంకోటి 1996లో జరిగింది. టాస్మానియాలో పోర్ట్ ఆర్థర్ దగ్గర ఒకడు తుపాకీతో 35 మందిని చంపాడు. హోవార్డ్ ప్రధాని అయ్యి రెండు నెలలే. తుపాకులు ఎక్కువగా ఉన్నది పల్లెల్లో, పల్లెలు ఆయన కూటమి ఓటు బ్యాంకు. అయినా పన్నెండు రోజుల్లో అన్ని రాష్ట్రాలనూ కొత్త చట్టాలకు ఒప్పించారు. మన విక్టోరియాలోనే సేల్ అనే ఊళ్లో కోపంతో ఉన్న తుపాకీ యజమానుల ముందు నిలబడి మాట్లాడారు. కోటు లోపల బుల్లెట్ ప్రూఫ్ చొక్కా ఉబ్బెత్తుగా కనిపిస్తూనే ఉంది. అది వేసుకోకుండా ఉండాల్సిందని తర్వాత ఆయనే అన్నారు. వడ్డీల విషయంలో ఆయన మీద కోపం పెట్టుకున్నదాన్నే, ఈ విషయంలో ఆయనకు ఎప్పటికీ దండం పెడతాను.

మాట తప్పడం గురించి మీ నాన్నగారికి పట్టింపు ఉంది కాబట్టి ఇదీ చెబుతాను. జీఎస్టీ ఎప్పటికీ తేనని హోవార్డ్ 1995లో చెప్పారు. మనసు మార్చుకున్నారు. కానీ 1998లో దాన్ని మేనిఫెస్టోలో పెట్టి, జనం ముందుకెళ్లి, అంకెలన్నీ పంచాక రెండు పెద్ద పక్షాలకు తేలిన మొత్తం ఓట్లలో వెనకబడినా, సీట్ల లెక్కలో గట్టెక్కాకే తెచ్చారు. ఆల్బనీజీ, లిబరల్ ప్రభుత్వం ముందే చట్టం చేసి పెట్టిన మూడో దశ ఆదాయపు పన్ను కోతలను ముట్టుకోనని చెప్పి, 2024 జనవరిలో ఎన్నికలు లేకుండానే మార్చారు. మధ్యతరగతికీ తక్కువ జీతాలవాళ్లకూ ఎక్కువ మేలు జరిగింది, మన ఇంట్లోకీ నాలుగు డబ్బులు వచ్చాయి. ఫలితం మంచిదే, పద్ధతి మాత్రం హోవార్డ్‌దే నాకు నచ్చింది. మనసు మారితే తప్పు లేదు, ముందు మనల్ని అడగాలి. ఇక 2010 నుంచి 2018 వరకూ సొంత పార్టీవాళ్లే నాలుగుసార్లు ప్రధానిని దించేశారు. రడ్‌ను దించి గిలార్డ్, గిలార్డ్‌ను దించి మళ్లీ రడ్, అబాట్‌ను దించి టర్న్‌బుల్, టర్న్‌బుల్ స్థానంలో మోరిసన్. వాళ్లే తమ నాయకుడికి కట్టుబడి ఉండలేదు. మనం జన్మంతా వాళ్లకు కట్టుబడి ఉండాలని ఏ మొహంతో అడుగుతారు?

మీ తమ్ముడి మాటకు వస్తాను. తెల్లవాళ్లకే చోటు అన్న విధానం 1901లో మొదలైంది. దాన్ని సడలించింది 1966లో హెరాల్డ్ హోల్ట్ లిబరల్ ప్రభుత్వం, పూర్తిగా తీసేసింది 1973లో గాఫ్ విట్లమ్ లేబర్ ప్రభుత్వం. మన సాఫ్ట్‌వేర్ వాళ్లు ఎంతోమంది వచ్చిన 457 అనే తాత్కాలిక ఉద్యోగ వీసా 1996లో హోవార్డ్ ప్రభుత్వం పెట్టింది. 2010లో ఉద్యోగాల జాబితా మార్చి, వంట కోర్సుల్లో చేరిన మన పిల్లల పీఆర్ (శాశ్వత నివాసం) ఆశలను తెంచింది లేబర్. 2025 ఎన్నికల్లో వలసలు తగ్గిస్తామని రెండు పార్టీలూ చెప్పాయి. అదే ఏడాది సెప్టెంబరులో ఒక లిబరల్ సెనేటర్, జసింటా నంపిజిన్పా ప్రైస్, లేబర్ తనకు ఓట్లేస్తారనే భారతీయులను రానిస్తోందన్న అర్థంలో మాట్లాడారు. ఆమె క్షమాపణ చెప్పలేదు. ఆ గొడవలోనే ఆమెకు ప్రతిపక్షంలోని షాడో మంత్రి పదవి పోయింది. అప్పటి పార్టీ నాయకురాలు సుసాన్ లే మనవాళ్లకు క్షమాపణ చెప్పారు. ఆ మాట విన్నరోజు నాకు నిద్ర పట్టలేదు. మనమంతా ఒక మూట ఓట్లమని ఒక పార్టీ అనుకుంటే అవమానిస్తుంది, రెండోది అనుకుంటే పట్టించుకోవడం మానేస్తుంది. మీ తమ్ముడు చెప్పే విశ్వాసం ఆ మూటను ఇంకా బిగించి కడుతుంది.

పట్టించుకోకపోవడం అంటే ఏమిటో మీ పేటలోనే కనబడుతుంది. టార్నీట్‌లో ఎక్కువ భాగం లాలర్ నియోజకవర్గం కిందకు వస్తుంది. ఒకప్పుడు ప్రధాని జూలియా గిలార్డ్ సీటు అది. 1969 నుంచి లేబర్ చేతిలోనే ఉంది. పొద్దున ఏడున్నరకు టార్నీట్ స్టేషన్‌లో నిలబడి, కిక్కిరిసిన డీజిల్ రైలు చూడండి. ఎలాగూ వీళ్లు మనవాళ్లే అనుకున్నచోట పనులు నెమ్మదిగానే జరుగుతాయి. మీ పక్కనే వెర్రిబీలో ఏం జరిగిందో తెలుసు కదా. పదేళ్లు రాష్ట్ర ట్రెజరర్‌గా ఉన్న టిమ్ పాలస్ తప్పుకోవడంతో 2025 ఫిబ్రవరిలో ఉప ఎన్నిక వచ్చింది. లేబర్ మొదటి ప్రాధాన్య ఓటు 45 శాతం నుంచి 29 ప్రాంతానికి పడిపోయింది. ఆ ఓట్లన్నీ లిబరల్స్‌కు పోలేదు, చాలావరకు చిన్నవాళ్లకూ స్వతంత్రులకూ పోయాయి. లేబర్ స్వల్ప తేడాతో బతికి బయటపడింది. అటు లిబరల్ కోటలూ అంతే. లిబరల్ పార్టీని పెట్టిన మాజీ ప్రధాని రాబర్ట్ మెంజీస్ ముప్ఫై ఏళ్లు గెలిచిన కూయాంగ్‌లో 2022లో లిబరల్ ట్రెజరర్ జాష్ ఫ్రైడెన్‌బర్గ్‌నే ఒక స్వతంత్ర అభ్యర్థి ఓడించారు. జనం గుర్తు మారుస్తారని తెలిశాకే పార్టీలు ఆ వీధుల్లోకి వస్తాయి.

మరి మీరేం చేయాలి? విక్టోరియా రాష్ట్ర ఎన్నికలు 2026 నవంబరు 28న ఉన్నాయి. మీ మొదటి ఓటు అదే కావచ్చు. అక్కడ వడ్డీలు, వీసాలు, ఆదాయపు పన్ను లెక్కలోకి రావు, అవి కాన్‌బెర్రాలోని కేంద్ర ప్రభుత్వానివి. రాష్ట్రానివి ఆస్పత్రులు, స్కూళ్లు, పోలీసులు, రైళ్లు, రాష్ట్రం చేసిన అప్పు. మీ అభ్యర్థులకు ఒక్కొక్కరికీ రైలు గురించి రెండు వాక్యాల మెయిలు పెట్టండి. ఎవరు జవాబిచ్చారు, ఎవరు ఇవ్వలేదు, ఇచ్చినవాళ్లు తారీఖు చెప్పారా ఊరికే మాట చెప్పారా అన్నది ఒక కాగితం మీద రాసుకోండి. పార్లమెంటు ఎన్నికలప్పుడూ ఇదే పని చేయండి. దిగువ సభకు వేసే ఆకుపచ్చ కాగితం మీద ప్రతి గడిలోనూ అంకె ఉండాలి, ఒక్కటి వదిలేసినా మీ ఓటు చెల్లకపోవచ్చు. తెల్లటి సెనేట్ కాగితం మీద గీతకు పైన ఉన్న పార్టీల గడుల్లో కనీసం ఆరు అంకెలు. పార్టీవాళ్లు ఇచ్చే కార్డు వాళ్ల కోరిక మాత్రమే, దాన్ని పాటించాలన్న నియమం లేదు. ఇంటి దగ్గరే మీ వరస రాసుకుని తీసుకెళ్లండి.

మీవారితో పోట్లాడకండి. ఆయన చేతా ఒక కాగితం రాయించండి. వరస వేరైతే వేరు కానివ్వండి. చూపించుకోవాలని కూడా లేదు. ప్రభుత్వం అచ్చు వేసిన కాగితం మీద, ఎవరూ చూడని గూట్లో రహస్యంగా ఓటు వేసే పద్ధతిని 1856లో ప్రపంచంలో మొదట అమలు చేసిన చోట్లలో మీరుంటున్న విక్టోరియా ఒకటి. ఆ గూట్లోకి మీ తమ్ముడు రాలేడు, మీవారు రాలేరు, నేనూ రాను. ఎవరికి వేయాలో నేను చెప్పనిది అందుకే.

ఒక్క సంగతి మర్చిపోకండి. సిటిజన్‌షిప్ వచ్చాక ఓటర్ల జాబితాలో పేరు చేరిందా, అందులో ఇప్పటి టార్నీట్ అడ్రసే ఉందా అని ఎలక్టోరల్ కమిషన్ వెబ్‌సైట్‌లో ఈ వారమే చూసుకోండి. ఎన్నికలు ప్రకటించాక కొద్ది రోజులకే జాబితా మూసేస్తారు.